గురువమ్మ దగ్గు

అండమాన్‌లో బాంబూఫ్లాట్ జెట్టీ దాటి నీళ్ళ పక్కనే కాస్త నడిస్తే, గుట్ట వాలులో ఒక వరసగా సర్కారు కట్టించిన ఇళ్ళు కనిపిస్తాయి. అందులో చివరి ఇల్లు గురువమ్మది. చివరిదంటే సముద్రానికి అన్నిటికన్నా దగ్గరిది. ఇళ్ళు పంచిన రోజు ఆ ఇల్లు మాకొద్దంటే మాకొద్దని అందరూ వెనక్కి జరుగుతుంటే, "మా వొదినకిచ్చీండి. ఎలాగూ రాత్రుళ్ళు మెలకువగానే ఉంటాది" అన్నాడు నూకన్న. నూకన్న ఆ వీధికి పెద్ద, రెండు డింగీల, అంటే ఇంజను పడవల, ఆసామి. ఆయన మాటకు ఎవరూ అడ్డు చెప్పలేదు. గురువమ్మ కూడా చెప్పలేదు. మేలుకుని ఉండే మనిషిని ముందు పెట్టుకోవడం న్యాయమేనని ఆమెకూ తోచింది.

గురువమ్మ మేలుకోవడం వెనక కథ ఉంది. సునామీ వచ్చింది ఆదివారం పొద్దున్న. అప్పుడు ఆ వీధి కిందనే, ఒడ్డున ఉండేది. భూమి ఊగింది, అందరూ బయటికొచ్చి ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు, నీళ్ళు వెనక్కిపోతే ఇదేమి చోద్యమని చూస్తూ నిలబడ్డారు. తరవాత చూడ్డానికి ఏమీ మిగల్లేదు. శ్రీకాకుళం తీరం నుంచి తాతలు వచ్చి కట్టుకున్న ఇళ్ళు, వలలు, మంచాలు, టీవీలు అన్నీ పోయాయి. ఒక డింగీ మాత్రం రోడ్డెక్కి రేషన్ షాపు ముందు ఆగింది. మనుషులందరూ గుట్టెక్కి బతికారు, ఒక్క గవరమ్మ తప్ప. గవరమ్మ నూకన్న పెళ్ళాం. ఒళ్ళు కాలిపోతోందని మాత్ర వేసుకుని పడుకుంది. నూకన్న జెట్టీలో వల దింపుతున్నాడు. ఇంట్లో మనిషి పడుకుని ఉందన్న సంగతి పరుగెత్తేవాళ్ళకు ఎవరికీ గుర్తు రాలేదు.

ఆ తరవాత గుట్ట మీద రేకుల షెడ్లలో కొన్నాళ్ళు ఎవరూ పడుకోలేదు. పిల్లల్ని ఒళ్ళో వేసుకుని గోడకు వీపులానించి సముద్రం వైపు చూస్తూ కూర్చునేవారు. భూమి రోజూ ఏదో ఒక వేళ కొంచెం కదిలేది, అందరూ లేచి నిలబడేవారు, మళ్ళీ కూర్చునేవారు. ఎన్నాళ్ళని కూర్చుంటారు? ఒక్కొక్కరే నడుం వాల్చారు. నూకన్న వాల్చలేదు. రాత్రంతా షెడ్డు చుట్టూ తిరిగి, పగలు వేటకెళ్ళి, ఇంజను నడుస్తుండగానే కునికిపాట్లు పడేవాడు. ఒకసారి డింగీని తీసుకెళ్ళి రాళ్ళ మీద ఎక్కించాడు. పక్కనున్నవాళ్ళు నీళ్ళలోకి దూకారు గాని, ఆయన మాత్రం చాలాసేపటి వరకూ లేవలేదు.

గురువమ్మకు మొగుడు సునామీకి చాలా ముందే పోయాడు. సముద్రంలో కాదు, పచ్చకామెర్లతో. అందుకని సముద్రం మీద ఆమెకు సొంత పగ అంటూ లేదు. నూకన్నను చూసి మాత్రం ఊరుకోలేకపోయింది.

"నువ్వు తొంగో నూకన్నా. నాను కూకుంతాను. నీరొస్తే అరుస్తాను" అంది.

"నువ్వు మెలకువగున్నావని నాకెలగ తెలుస్తాది వొదినా?"

"దగ్గుతాన్లే."

అలా కుదిరింది ఆ ఉద్యోగం. ఆమె గోడకానుకుని కూర్చుని కాసేపటికోసారి దగ్గేది. పక్క షెడ్డులో నూకన్న పడుకునేవాడు. ఆ దగ్గు షెడ్డు షెడ్డుకూ వినపడేది కాబట్టి మిగతావాళ్ళకూ అలవాటైపోయింది. చంటిపిల్లలు కూడా దానికే నిద్రపోతున్నారని సీతాలు అనే పొరుగావిడ చెప్పింది. వేట నుంచి డింగీ రాగానే ముందు గురువమ్మ గిన్నెలో ఒక చేప పడాలని వీధి మాట చేసుకుంది. దానికి కాపలా చేప అని పేరు పెట్టారు.

గురువమ్మ చేతులు ఆ షెడ్లలోనే చెడ్డాయి. పొద్దున్నే లేచేసరికి వేళ్ళు బిగుసుకుపోయేవి. టీ గ్లాసు పట్టుకుంటే జారేది. ఎండ ఎక్కితే గాని పిడికిలి విడేది కాదు. రేకుల చెమ్మ అని కొందరన్నారు, ఉప్పునీళ్ళు తాగిందని కొందరన్నారు. మణికట్లు వాచాయి, మోకాళ్ళు వాచాయి. అంతకుముందు గురువమ్మ బాంబూఫ్లాట్ బజారులో కత్తిపీట ముందు కూర్చుందంటే పెద్ద సూరచేపను కబుర్లు చెబుతూనే ముక్కలు చేసి ఇచ్చేది. ఆ కత్తిపీట ఇప్పుడు కోడలు బేబీరాణి చేతికెళ్ళింది. పడవెక్కి పోర్ట్‌బ్లెయిర్ వెళితే పెద్దాసుపత్రిలో రక్తం తీసి, ఇది గఠియా, కీళ్ళవాతం, ఒంట్లోనే పుట్టి ఒంటినే తినే రకం అని చెప్పారు. వారానికోసారి వేసుకోమని మాత్రలిచ్చారు. నొప్పి రోజూ వస్తుంటే మాత్ర వారానికోసారేమిటి, ఇదేమైనా శనివారం ఉపవాసమా అని గురువమ్మకు దాని మీద గురి కుదరలేదు. కొన్నాళ్ళు మింగి మానేసింది. దుకాణంలో అడిగితే ఇచ్చే నొప్పి గోలీ రోజూ వేసుకునేది. అది వేసుకున్న గంటకు నొప్పి తగ్గేది. నమ్మకమంటే అలా ఉండాలి.

చేప కొయ్యలేదు, తట్ట ఎత్తలేదు, వల ముడి వెయ్యలేదు. గురువమ్మకు మిగిలింది కూర్చోవడం ఒకటే. ఆ కూర్చోవడానికే వీధి దండం పెట్టేది. ఆమెకు అది గర్వంగా ఉండేది. అది కూడా పోతే తాను గోడ పక్కన పడేసిన తట్టలాంటిదాన్నేనని భయంగానూ ఉండేది.

ఇక్కడ గురువమ్మ ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. కొత్త ఇంటికొచ్చాక, ఒకరోజు మధ్యాహ్నం నడుం లాగుతోందని మంచం మీద వెల్లకిలా పడుకుంది. కాసేపటికి ఎవరో గుండెల మీద ఎక్కి కూర్చున్నట్టయింది. ఊపిరందక చటాలున లేచి కూర్చుంది. కూర్చుంటే సర్దుకుంది. దగ్గు మాత్రం వచ్చింది, పిలవకుండానే. ఇంకోరోజు పడుకుని చూసింది, మళ్ళీ అంతే. సముద్రం భయం ఇంకా లోపలుందిలే అనుకుంది. అప్పటి నుంచి దగ్గుకోసం ఆమె కష్టపడాల్సిన పని లేకపోయింది.

ఎవరికైనా అనుమానం రావాలి కదా అంటే, ఎలా వస్తుంది? నాలుగడుగులేస్తే ఆయాసం వచ్చేది, కాని మోకాళ్ళ పుణ్యమా అని ఆమె నాలుగో అడుగు వేసేదే కాదు. పాదాలు ఉబ్బేవి, రాత్రంతా కాళ్ళు వేలాడేసుకుని కూర్చునే మనిషికి ఉబ్బవా మరి? సునామీ తరవాత మనసు బాగుచేస్తామని వచ్చిన చదువుకున్న అమ్మాయి ఒకతి, "దీదీ, డర్ లగ్తా హై?" అని అడిగింది. భయంగా ఉందా అనే కదా అడిగింది, హా అంది గురువమ్మ. ఆ అమ్మాయి ఆమె చెయ్యి నిమిరి, సముద్రం మళ్ళీ రాదని చెప్పి, ఒక బెలూను ఇచ్చి వెళ్ళింది.

సముద్రం వస్తోందని నిజంగా కబురొచ్చింది మాత్రం ఒకేసారి, రెండువేల పన్నెండు ఏప్రిల్లో. సుమత్రా వైపు భూమి గట్టిగా ఊగింది, సైరన్లు మోగాయి, వీధంతా గుట్టెక్కింది. అది మధ్యాహ్నం కావడంతో కాపలామనిషి కుర్చీలో గాఢనిద్రలో ఉంది. కొడుకు శ్రీను, నూకన్న కలిసి కుర్చీతో సహా ఎత్తి పైకి మోసుకెళ్ళారు. సగం దారిలో మెలకువొచ్చి, "నీరొస్తందర్రా" అని అరిచింది. నీళ్ళు రాలేదు. అయినా ఆ రోజు గురువమ్మ అరిచింది కాబట్టే అందరం గుట్టెక్కామని వీధిలో చెప్పుకున్నారు. ఆమె ఒకటి రెండుసార్లు సరిదిద్దబోయి ఊరుకుంది.

ఆ మరుసటి ఏడు బేబీరాణి తమ్ముడి పెళ్ళికి రంగత్ వెళ్ళారు. బేబీరాణి పుట్టిల్లు రంగత్ బజారు నుంచి లోపలికి, కొండ మీద వక్కతోటల మధ్య ఉంటుంది. అక్కడ నిలబడి ఎటు చూసినా చెట్లు తప్ప నీటిచుక్క కనపడదు. గురువమ్మకు మంచం వేసి, కొత్త దుప్పటి పరిచారు. పొద్దున్న బేబీరాణి తల్లి కూతుర్ని పక్కకు పిలిచి, మా మర్యాదలో ఏమి లోపమొచ్చిందమ్మా, మీ అత్త మంచం ముట్టకుండా రాత్రంతా గోడకానుకుని కూర్చునే ఉంది అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

బేబీరాణి వక్కలు ఆరబోసిన పెరట్లో అత్తను పట్టుకుంది.

"ఇక్కడ సముద్రమేదీ అత్తా? ఎవలికి కాపలా కాస్తన్నావు?"

"అలవాటే బేబీ."

"అయితే ఓపాలి తొంగో. నాను సూస్తాను."

"ఇప్పుడేటి, పట్టపగలు?"

"పగలేతే ఇంకా మంచిది. బాగా కనపడతాది."

కోడలి మాట కాదనే దమ్ము ఆ ఇంట్లో ఎవరికీ లేదు. గురువమ్మ పెరట్లో చాప మీద పడుకుంది. పొయ్యి మీద ఎసరు మరిగేంత సేపు కూడా ఉండలేకపోయింది. పెదాలు నల్లబడ్డాయి, ఛాతీ ఎగిరెగిరి పడింది, రెండు చేతులూ నేల మీద ఊని లేచి కూర్చుని దగ్గింది. అది బాంబూఫ్లాట్‌లో వీధి వీధంతా వింటూ నిద్రపోయే దగ్గే. బేబీరాణి కూడా అన్నేళ్ళూ దానికే నిద్రపోయింది. అత్త పక్కన కూలబడి ఏడ్చింది. పెళ్ళివారింట్లో ఏడవకూడదే అని గురువమ్మ కోప్పడింది, ఊపిరి తిరిగాక.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ, "కబ్ సే?" అని అడిగింది. "సునామీ సే" అంది గురువమ్మ. డాక్టరమ్మ జాలిగా తలూపింది. ఆ దీవుల్లో మోకాళ్ళనొప్పి దగ్గర్నుంచి మొగుడి తాగుడు దాకా ఏది ఎప్పుడు మొదలైందని అడిగినా అందరూ చెప్పేది అదే.

బేబీరాణి ముందుకొచ్చింది. "మేడమ్, యే సునామీ నహీ హై. యే సాఁస్ హై. పడుకుంటే ఊపిరాడదు. మై దేఖీ."

అప్పుడు డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది. మెడ నరం చూసింది, పాదం మీద వేలుతో నొక్కితే పడిన గుంట చూసింది. గుండెకు తీసే ఫొటోను ఎకో అంటారట. దిళ్ళు పెట్టి, ఎడమ పక్కకు ఒత్తిగిల్లబెట్టి, ఛాతీకి చల్లటి జిగురు పూసి చూశారు. తెర మీద చేప మొప్పలాగా ఒకటి తెరుచుకుంటూ మూసుకుంటూ కనిపించింది. గురువమ్మకు అది తన లోపలిదంటే నమ్మబుద్ధి కాలేదు.

డాక్టరమ్మ ఆమెను పిడికిలి బిగించమంది. బిగించింది. విప్పమంది. వేళ్ళు ఒక్కొక్కటే, అయిష్టంగా, సగం వరకు విడ్డాయి.

"గుండె కూడా ఇంతే దీదీ" అంది డాక్టరమ్మ హిందీలో, నెమ్మదిగా. "నొక్కడం బాగానే నొక్కుతోంది. వదలడమే సరిగ్గా వదలడం లేదు. వదిలితే గదా రక్తం లోపలికొచ్చేది. రాకపోతే వెనక ఊపిరితిత్తుల్లో నిలబడుతుంది. పడుకుంటే ఇంకా ఎక్కువ."

"గుండెకి కీళ్ళుంటాయేటి?"

బేబీరాణి ఆ ప్రశ్నను హిందీలో అడిగింది. డాక్టరమ్మ నవ్వలేదు. ఈ జబ్బు కీళ్ళ దగ్గర మొదలవుతుంది గాని అక్కడే ఆగాలని రూలేమీ లేదని, ఏళ్ళ తరబడి లోపల మంట ఉంటే గుండె కండ బిరుసెక్కవచ్చని, కీళ్ళనొప్పి వల్ల నడవని మనిషికి ఆయాసం బయటపడదని చెప్పింది. నొప్పి గోలీలు ఒంట్లో నీరు నిలబెడతాయి, ఈరోజు నుంచి బంద్. వారం మాత్ర మళ్ళీ మొదలు. నీరు దిగే మాత్ర రోజూ పొద్దున్న. ఉప్పు తగ్గించాలి, ఎండుచేప అసలు ముట్టకూడదు. గురువమ్మ అంతవరకూ ధైర్యంగానే ఉంది. ఎండుచేప అనేసరికి మొహం పాలిపోయింది.

"ఘబరానా మత్, కంగారు పడకు. కొన్ని వారాల్లో హాయిగా పడుకుంటావు" అంది డాక్టరమ్మ.

ఎండుచేప కన్నా ఆ మాటే గురువమ్మకు గుండెల్లో రాయి పడేసింది. తిరుగు పడవలో, బాంబూఫ్లాట్ జెట్టీ కనపడుతుండగా కోడలి చెయ్యి పట్టుకుంది.

"ఈదిలో సెప్పకు బేబీ."

"ఎందుకు సెప్పొద్దు?"

"నాను జబ్బుతో కూకున్నానని తెలిస్తే నూకన్నకి మరి నిద్దర పట్టదు. అన్నేళ్ళ బట్టీ నన్ను నమ్ముకుని తొంగుంతన్నాడు." మొహం నీళ్ళ వైపు తిప్పుకుంది. "తిన్న సేపలన్నీ నాయి కావని కూడా తెలిసిపోద్ది."

బేబీరాణికి అరవాలనిపించింది. పడవ నిండా మనుషులుండటంతో సరేనంది.

మాత్రలు పనిచేశాయి. గురువమ్మకు ఆశ్చర్యంగానూ ఇబ్బందిగానూ ఉండేది. ముందు పాదాల వాపు దిగింది. గోలీ మానిన కొత్తలో కీళ్ళు ఆమెను ఏడిపించాయి, వారం మాత్ర పట్టుకున్నాక అవీ కొంచెం దారికొచ్చాయి. మూడు దిళ్ళ మీద పడుకోగలిగింది, తరవాత రెండు. ఇదంతా పగలు, తలుపేసుకుని. దగ్గు పూర్తిగా పోయింది. చీకటిపడగానే మాత్రం ఆవిడ యథాప్రకారం వరండాలో కుర్చీ ఎక్కి, కాళ్ళు వేలాడేసుకుని, దొంగదగ్గు దగ్గేది. మొదట ఊపిరాడక కూర్చున్న మనిషి, ఇప్పుడు ఊపిరాడుతున్నా కూర్చుంది. జబ్బు ఉన్నప్పుడు మేలుకోవడం తేలిగ్గా ఉండేది. బాగైన ఒంటితో మేలుకోవడం నరకం. కళ్ళు వాలిపోయేవి, ఉలిక్కిపడి లేచి దగ్గేది. దిగిన పాదాలు మళ్ళీ ఉబ్బడం మొదలుపెట్టాయి. రాత్రి కాళ్ళు చాపి పడుకుంటున్నావా అని డాక్టరమ్మ అడిగితే, పడుకుంటున్నానంది.

"నీ గుండె పోతే ఈది కాపలా కాస్తాదేటి?" అని బేబీరాణి ఇంట్లో గిన్నెలు ఎత్తి పడేసింది. శ్రీను భయపడి డింగీ దగ్గరికి వెళ్ళిపోయాడు.

"మరొక్క నెల సూద్దారి" అంది గురువమ్మ.

మరొక్క నెల అక్కర్లేకపోయింది. ఒక సాయంత్రం వాన పడి వెలిసింది. అన్నం ఉడికేలోగా నడుం ఆనిద్దామని గురువమ్మ మంచమెక్కింది. ఒక దిండు మీద తల పెట్టుకుంది. ఊపిరి తీసింది. లోపలికి వెళ్ళింది, బయటికొచ్చింది, మళ్ళీ వెళ్ళింది. ఎవరూ గుండెల మీద కూర్చోలేదు. ఇంతేనా, పడుకోవడమంటే ఇంత సుఖంగా ఉండేదా అనుకుంది. అంతవరకే గుర్తుంది. బేబీరాణి అన్నం దించి వచ్చి చూసి, దుప్పటి కప్పి, లైటు ఆర్పేసింది.

కళ్ళు తెరిచేసరికి కిటికీలో వెలుగొస్తోంది. గురువమ్మ ఇంటికప్పు వైపు చూసింది. అన్నేళ్ళుగా ఆ ఇంట్లో ఉంటున్నా, తెల్లారే వేళ ఆ కప్పును చూడటం అదే మొదటిసారి. తరవాత గుర్తొచ్చింది. రాత్రి ఎవరు దగ్గారు? గోడ పట్టుకుని లేచి, మోకాళ్ళు తిడుతున్నా వినకుండా, తలుపు తీసింది.

వీధంతా వాకిట్లో ఉంది. చాపల మీద కొందరు, బోర్లించిన చేపల పెట్టెల మీద కొందరు, సీతాలు మనవరాలిని ఒళ్ళో వేసుకుని గోడకానుకుని. వరండాలో ఆమె కుర్చీలో నూకన్న కూర్చుని ఉన్నాడు. ఒక్కరూ పడుకోలేదు. అయితే ఒక్కరూ మేలుకుని కూడా లేరు. నోళ్ళు తెరుచుకుని, ఒకరి భుజం మీద ఒకరు తలలు వాల్చుకుని, అందరూ కూర్చున్నచోటే నిద్రపోతున్నారు. సముద్రం తన మానాన తానుంది. దాన్ని చూసేవాడు లేడు.

మెలకువగా ఉన్నది బేబీరాణి ఒక్కతే. మెట్టు మీద కూర్చుని టీ తాగుతోంది.

"ఏటిది?" అంది గురువమ్మ గొంతు తగ్గించి.

"నీ దగ్గు ఇనపడలేదని అందరూ వొచ్చీసారు. పోయావనుకున్నారు. నూకన్న మావ గుమ్మంలో నిలబడి ఏడ్సీసాడు."

"నువ్వేటి సెప్పావు?"

"అంతా సెప్పీసాను. గుండె, గోలీలు, దొంగదగ్గు, అన్నీ." బేబీరాణి అత్త మొహంలోకి చూడకుండా గ్లాసులోకి చూసింది. "తిట్టుకో, నాకేటి."

గురువమ్మ తిట్టలేదు. గుమ్మం పట్టుకుంది. "నూకన్న ఏటన్నాడు?"

"కళ్ళు తుడుసుకున్నాడు. అప్పుడు, 'మా గవర కూడా జబ్బు చేసే కదా తొంగుంది. దాని పక్కన ఒక్కలూ కూకోలేదు. వొదిన పక్కన కూకుందారి' అన్నాడు. అందరూ కూకున్నారు."

గురువమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపు వచ్చింది, చప్పుడు కానివ్వలేదు. అన్నేళ్ళుగా ఆ మనిషికి నిద్ర తానే ఇస్తున్నాననుకుంది. ఎవరూ కాపలా లేని ఈ రాత్రి, ఆమె దగ్గకుండానే, కుర్చీలో కూర్చుని ఆయన నిద్రపోయాడు.

జెట్టీలో మొదటి పడవ కూత పెట్టింది. నూకన్న కుర్చీలో కదిలాడు. చెయ్యి గాలిలోకి లేచింది, నుదురు ముడిపడింది, పెదాలు ఏదో అడగబోయాయి.

గురువమ్మ మెల్లగా వెళ్ళి ఆయన పక్కన నేల మీద కూర్చుంది. మోకాళ్ళు పటపటమన్నాయి. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, రేకుల షెడ్డులో మొదటి రాత్రి దగ్గినట్టు, ఒకసారి దగ్గింది.

నూకన్న చెయ్యి ఒళ్ళోకి దిగింది. కళ్ళు తెరవకుండానే తల పక్కకు వాల్చి మళ్ళీ నిద్రలోకి జారుకున్నాడు.